సీసపు గదుల కింద వెల్లుల్లి వాసన

ముందుగా నాకు రూఢిగా తెలిసినవి. మా బావ గంధకామ్లం చేసే కార్ఖానాలో సీసం అతికే మేస్త్రి. ఆయన చివరిగా పనిచేసిన ఆ రెండు రోజులూ వాడిన ఆమ్లం బయటినుంచి తెప్పించినది కాదు, మా కార్ఖానాలోనే జింకు అనే తుత్తునాగపు ఖనిజాన్ని కాల్చగా వచ్చిన పొగనుంచి తయారైనది. అది వాడవచ్చునని చెప్పినవాణ్ణి నేను. అందులో పాషాణం, అంటే ఆర్సెనిక్ అనే విషం, ఉంది. దాని మరకను తెల్లని పింగాణీ మీద నా కళ్లతో చూశాను. వీటికి నేను సాక్షిని.

ఇక విన్నవి. ఆ ఖనిజం ఆస్ట్రేలియానుంచి ఐరోపాకు పోతున్నదనీ, యుద్ధం వచ్చి కొనవలసినవాళ్లే శత్రువులయ్యారు గనుక మా ద్వీపంలోని పోర్ట్ లూయీ రేవులో దింపేశారనీ గోదాము గుమాస్తా అన్నాడు. ఓడకు చిల్లుపడితే బరువు తగ్గించడానికి దింపారని రేవు కూలీలు అన్నారు. రెండూ నిజం కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఓడ కాగితాలు నేను చూడలేదు. మా బావ దీక్షలో ఉండగా వెల్లుల్లి సోకిందనీ, సింహాద్రి అప్పన్నకు ఆగ్రహం కలిగిందనీ మా లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, చాలామంది చెప్పుకున్నారు. ఆగ్రహాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు. కనుక అదీ విన్నవాటిలోనే చేరుతుంది.

నేను లెస్కాలియే దగ్గరి చెరకు తోటలో పుట్టాను. మా తాత కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాడు. తోట మిల్లులో చెరకు రసం పరీక్షించే గదిని ఊడ్చే పనిలో చేరి, అక్కడి పంతులు దయవల్ల గాజు నాళాలు పట్టుకోవడం, తూకం చూడడం, ఫ్రెంచి పుస్తకం చదవడం నేర్చుకున్నాను. ఒకసారి చూసినదాన్ని చూసినట్టు లెక్కపెట్టరాదని ఆయన బోధించాడు. రెండోసారి కూడా అదే వస్తేనే అది ఫలితం, లేకపోతే అది కేవలం ఒక సంఘటన. ఈ నియమాన్ని నేను పరీక్షల గదిలోనే కాక ఇంట్లో కూడా పాటించేవాణ్ణి. అందుకు ఇంటిల్లిపాదీ నన్ను ఎగతాళి చేసేవారు. తరువాత రేవుకు కాస్త ఎడంగా ఉన్న ఆమ్లపు కార్ఖానాలో పరీక్షకుడిగా కుదిరాను. మా అక్కను అంతకు ముందే ఆ కార్ఖానా మేస్త్రికి ఇచ్చారు. వాళ్లిల్లు కార్ఖానా వెనక లైన్లలో ఉండేది. నేను వాళ్ల పక్క గదిలో ఉంటూ వాళ్లింట్లోనే తినేవాణ్ణి.

ఆ ఆమ్లంతో మాకేం పనో చెప్పాలి. చెరకు నేలకు ఎరువు కావాలి. ద్వీపాలనుంచి తెచ్చిన పక్షిరెట్టను గంధకామ్లంలో నానబెడితే మొక్క తాగగలిగిన ఎరువవుతుంది. ఆమ్లం చేయడానికి గంధకాన్ని కాల్చి, ఆ పొగలో సురేకారపు ఆవిరి, నీటి ఆవిరి కలిపి పెద్ద పెద్ద గదుల్లోకి పంపుతారు. ఆ గదులకు గోడలు, నేల, కప్పు అన్నీ సీసపు రేకులే, ఎందుకంటే ఇనుమునైనా కర్రనైనా ఆమ్లం తినేస్తుంది, సీసాన్ని అంత త్వరగా తినలేదు. పొగ ఆ గదుల్లో తిరిగి తిరిగి నేల మీద ఆమ్లంగా దిగుతుంది. రేకుకూ రేకుకూ మధ్య అతుకు ఊడితే పొగ బయటికి కొడుతుంది, గాలి లోపలికి పోతుంది, ఆ రోజు ఉత్పత్తి వృథా. అతుకు వేసేవాడే మా బావ.

యుద్ధంలో గంధకం రావడం ఆగిపోయింది. అప్పుడు రేవులో పడి ఉన్న ఆ నల్లని, మెరిసే ఖనిజపు పొడి మీద మా పెద్ద దొర కన్ను పడింది. తుత్తునాగం కరిగించే దేశాల్లో ముందు ఖనిజాన్ని కాలుస్తారు. అప్పుడు అందులోని గంధకం పొగగా లేస్తుంది. ఒకప్పుడు ఆ పొగను ఆకాశంలోకి వదిలేసి చుట్టుపక్కల పైరులన్నీ మాడ్చేవారట. తరువాత దాన్ని పట్టి ఆమ్లం చేయడం నేర్చారు. వాళ్లకు లోహం ముఖ్యం, పొగ ఉపఫలం. మాకు లోహంతో నిమిత్తమే లేదు, పొగ ఒక్కటే కావాలి. పుస్తకం ప్రకారం అది సాధ్యమే. కానీ గంధకం తనంతట తాను మండుతుంది, ఈ ఖనిజం మండదు. కింద కట్టెలు వేస్తూ, పైన ఇనప గుద్దలితో తిరగేస్తూ ఉండాలి. పొగ పలచగా వచ్చేది. వేడి ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. ఆ హెచ్చుతగ్గులకు సీసపు రేకులు సాగి, కుంచించుకుని, అతుకులు వారానికొకటి చొప్పున విచ్చుకునేవి.

ఇంకొక సంగతి అప్పుడు ఎవరికీ తోచలేదు. మా కొలుములు శుద్ధమైన గంధకం కోసం కట్టినవి. ఖనిజాలు కాల్చే చోట పొగ సీసపు గదుల్లోకి చేరకముందే దుమ్మును దింపడానికి వేరే గదులు ఉంటాయి. మాకు లేవు. తుత్తునాగపు ఖనిజాలన్నిటిలోనూ పాషాణం ఉండదు. దీనిలో ఉంది. అది పొగతోపాటు తిన్నగా ఆమ్లంలోకి దిగింది.

బావ అతుకు వేసే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. సీసపు పీపాలో తుత్తునాగం ముక్కలు వేసి పలుచని గంధకామ్లం పోస్తే ఉదజని వాయువు బుసబుసమంటూ పుడుతుంది. దాన్ని రబ్బరు గొట్టంతో తెచ్చి, తిత్తినుంచి వచ్చే గాలితో కలిపి, సన్నని ముక్కు దగ్గర వెలిగిస్తే సూదిమొన లాంటి మంట వస్తుంది. పగటి వెలుతురులో అది కంటికి ఆనదు. ఆ మంటతో రెండు రేకుల అంచులను కరిగించి ఒకటి చేస్తాడు. వెలిగించే ముందు పీపాలోని గాలి అంతా పోవాలి, లేకపోతే పేలుతుంది. అందుకని వాయువును కొంతసేపు ఊరికే వదిలి, ఒక చిన్న గాజు గొట్టంలో పట్టి నిప్పు చూపించేవాడు. కుక్కపిల్లలా అరిస్తే ఇంకా గాలి ఉన్నట్టు, మెత్తగా తుస్సుమంటే సరిపోయినట్టు. ఆ వదిలినంతసేపూ ఆయన మొహం గొట్టానికి జానెడు దూరంలో ఉండేది.

ఆ పనికి అప్పటిదాకా ఐరోపానుంచి సీసాల్లో వచ్చే శుద్ధమైన ఆమ్లమే వాడేవాడు. యుద్ధంలో అదీ అయిపోయింది. ఒకనాటి ఉదయం నా గది గుమ్మంలో నిలబడి అడిగాడు.

"బావమరిదీ, సీమ సీసా అడుగంటిపోనాది. మన గదుల్లో నీల్లు ఆడొచ్చేటి?"

"దేనికి?"

"దేనికేటి, పెల్లికా? గేసుకి."

"చూసి చెప్తాను బావా."

"సూసే సెప్పు. పెల్లిసూపుల్లో నా పల్లు రెండుమాట్లు లెక్కెట్టిన మనిసివి. నువ్వు సూడకపోతే నాను ముట్టను."

చూశాను. తేలే గాజుబుడ్డితో చిక్కదనం చూశాను. రంగు చూశాను. సురేకారపు శేషం, ఇనుము ఉన్నాయేమో చూశాను. ఎరువుకు పనికివచ్చే ఆమ్లానికి ఏయే పరీక్షలు చేయాలో అవన్నీ రెండేసిసార్లు చేశాను. పాషాణానికి పరీక్ష ఆ పట్టికలో లేదు. ఇన్నేళ్లుగా శుద్ధమైన గంధకం కాల్చేచోట అది ఉండవలసిన అవసరం లేకపోయింది. కాల్చే వస్తువు మారింది గనుక పట్టిక కూడా మారాలన్న ఆలోచన నాకు రాలేదు. సీసా భుజం మీద సుద్దతో ఒక అడ్డగీత గీశాను. ఆ గీత ఉంటే వాడవచ్చునని అర్థం.

అప్పుడు బావ అప్పన్న దీక్షలో ఉన్నాడు. ఏటేటా ఆ దీక్ష పట్టేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో నీచు లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. అక్క కుండలు కూడా వేరు పెట్టేది. వెల్లుల్లి తిన్న మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడినా తలమీద నీళ్లు పోసుకోవాలని మా ఇంట్లో పట్టింపు. నేను దీక్ష పట్టకపోయినా ఆ కూడే తిన్నాను, ఆ పట్టింపులోనే పెరిగాను.

రెండో నంబరు గది అడుగున అతుకు విచ్చింది. గదులు నేలకు మనిషి నడుమెత్తున కర్ర స్తంభాల మీద ఉండేవి. కింద వంగి దూరాలి. గాలి ఆడదు. బావ పీపాను లోపలికి లాక్కెళ్లాడు. ఆయనకు గాలితిత్తి తొక్కే మనిషి ఒక క్రియోల్, ఎప్పుడో ఆఫ్రికానుంచి తెచ్చినవాళ్ల సంతతివాడు, ఉండేవాడు. మా వాళ్ల మధ్య చాలా ఏళ్లు మసలి మా మాట కొంత పట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకరినొకరు వెక్కిరించుకోనిదే పొద్దు గడిచేది కాదు. నేను ఆ పక్కనే గది చివర పొగ నమూనా పడుతున్నాను. బావ వాయువును వదిలి, గాజు గొట్టం మొహం దగ్గర పెట్టుకుని, చటుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏట్రా, లాయ్ తిన్నావా? ఎల్లుల్లి తిని నా పక్కకొచ్చినావా?"

"మువా? నో, మేస్త్రీ! మో పా ఫిన్ మాంజ్ లాయ్. తినలేదు. పొద్దున రొట్టె, తేనీరు. అంతే."

"మరి నా ముక్కు అబద్దమాడతాదా?"

"మీ ముక్కు పెద్దది మేస్త్రీ. రేవులో ఓడమీద వండిన కూర కూడా దానికి తెలుస్తాది."

కొలిమి దగ్గరి వాళ్లు నవ్వారు. మామూలు రోజైతే బావ వాళ్లకంటే గట్టిగా నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"నీకేటి, నవ్వుతావు. దీచ్చ నీదా? ఎల్లు, అవతలికెల్లు. నీ ఊపిరి నాకు తగలనీకు."

"తిత్తి ఎవరు తొక్కుతారు?"

"నాకు కాలు లేదేటి?"

అతడు రెండు చేతులూ పైకెత్తి, "అయో, బోంద్యే!" అని దేవుణ్ణి తలుచుకుంటూ బయటికి పోయి, ఎండలో రాతి మీద కూర్చున్నాడు. బావ నా వైపు తిరిగి, "సూసినావా బావమరిదీ, పదకొండో రోజు. పదకొండో రోజున ఈ కంపు," అన్నాడు.

నాకూ ఆ వాసన వచ్చింది. సన్నగానే అయినా స్పష్టంగానే వచ్చింది. పాషాణం కలిసిన ఉదజని వెల్లుల్లిలా వాసన వేస్తుందని నేను చదివిన పుస్తకంలో ఉంది. ఆ వాక్యం పుట కుడివైపు కింద ఉందని కూడా నాకు జ్ఞాపకం. అయినా ఆ క్షణాన నేను పీపా వైపు చూడలేదు. ఆ క్రియోల్ మనిషి నోటి వైపు చూశాను. మా ఇంట్లో దీక్ష రోజుల్లో వెల్లుల్లి వాసన వస్తే అది ఎవరో ఒకరి తప్పు, ఒక మనిషి నోటినుంచి వచ్చేది. వస్తువునుంచి కూడా రాగలదని చదివిన తెలివి, మనిషిని అనుమానించడం నేర్చిన తెలివికంటే వెనకబడింది. నా నమూనా పట్టుకుని నేను వెళ్లిపోయాను.

బావ ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఒంటరిగా ఆ గది కింద పనిచేశాడు. అతుకు చక్కగా కుదిరింది. ఆ తరువాత మేము ఎప్పుడు చూసినా ఆ అతుకు విచ్చలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి పడుకున్నాడు. తలనొప్పి, కడుపులో మెలిపెట్టే నొప్పి, వణుకు, వాంతులు. మా తీరంలో వణుకు కొత్త కాదు. చలిజ్వరం రాని ఇల్లు లైన్లలో లేదు. అక్క కంబళి కప్పి గంజి కాచింది. పొద్దు వాలకముందే నా గది తలుపు తోసుకు వచ్చింది.

"తమ్ముడూ, రగతం. మీ బావ రగతం పోస్తన్నాడు."

వెళ్లి చూశాను. గిన్నెలో ఉన్న మూత్రం నేరేడు పళ్లు పిండిన రసంలా ఉంది. ముదురు ఊదా, ఎరుపు, నలుపు. అందులో గడ్డలు లేవు. రక్తమైతే గడ్డకడుతుంది. ఇది రక్తపు రంగు మాత్రమే, కణాలు కరిగిపోయి రంగు వడకట్టుకొచ్చినట్టు.

తెల్లవారాక డాక్టరు వచ్చాడు. అప్పటికి బావ ఒళ్లు పసుపు కాదు, తోమని కంచు రంగుకు తిరిగింది. డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, పొట్ట నొక్కి, గిన్నె చూసి, నల్లమూత్రపు జ్వరం అని తేల్చాడు. పాత చలిజ్వరం ముదిరి ఒక్కోసారి ఇలా తిరుగుతుందట. అది నిజమే, మా ద్వీపంలో అలా పోయినవాళ్లు ఉన్నారు. మునుపు జ్వరం వచ్చేదా అని అడిగాడు. "ఎవలికి రాలేదు బాబూ," అంది అక్క. కాగితం పొట్లాల్లో క్వినైను ఇచ్చి, మధ్యాహ్నంనుంచి మొదలుపెట్టమని చెప్పి వెళ్లాడు. ఆ కాలంలో నల్లమూత్రానికి క్వినైనే మందు అనే వైద్యులు ఉన్నారు, క్వినైనే దాన్ని తెస్తుందనే వైద్యులూ ఉన్నారు. ఈయన మొదటి వర్గం.

నేను మంచం పక్క నిలబడి ఆ కంచు రంగునే చూస్తున్నాను. అప్పుడు, రెండు రోజులు ఆలస్యంగా, ఆ పుటలోని వాక్యం దాని తరువాతి వాక్యాలతో సహా నాకు కనిపించింది. తలనొప్పి. వాంతులు. నల్లని మూత్రం. కంచువన్నె చర్మం. ఆ వాయువు లక్షణాలకు మా పుస్తకం అరపుట ఇచ్చింది. చికిత్సకు ఒక్క పంక్తి ఇవ్వలేదు.

కార్ఖానాకు పరుగెత్తాను. సుద్దగీత ఉన్న సీసా అడుగున ఇంకా ఆమ్లం మిగిలింది. పాషాణానికి పరీక్ష కూడా బావ పీపా లాంటిదే, తుత్తునాగం మీద ఆమ్లం పోసి, వచ్చే వాయువును వెలిగించి, మంట మీద చల్లని తెల్ల పింగాణీ పెట్టడం. పాషాణం లేకపోతే పింగాణీ తడుస్తుంది, అంతే. ఉంటే గోధుమ నలుపు అద్దం లాంటి మచ్చ పడుతుంది. మచ్చ పడింది. అంత చప్పున, అంత చిక్కగా పడిన మచ్చను నేను అంతకు ముందు చూడలేదు. అలాంటి మచ్చే వేసే లోహం మరొకటి ఉంది గనుక సున్నపు బ్లీచి నీటి చుక్క వేసి చూశాను. పాషాణమైతే కరుగుతుంది. కరిగింది.

ఒక పని మిగిలింది. నా దగ్గర శుద్ధమైన తుత్తునాగం కూడా అయిపోయి, బావ వాడే ముక్కనే వాడాను. మచ్చ ఆమ్లంనుంచి వచ్చిందా, లోహంనుంచి వచ్చిందా తేలాలంటే గంధకామ్లం కాని వేరే ఆమ్లంతో మరోసారి చేయాలి. పంతులు బతికి ఉంటే నన్ను ఆ గదినుంచి కదలనిచ్చేవాడు కాదు. ఎండ నడినెత్తికి వచ్చింది. పింగాణీ గిన్నె చేతపట్టుకుని బయలుదేరాను.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాను. నాకు వచ్చిన ఫ్రెంచిలో అంతా వివరించాను. ఆయన గిన్నెను వెలుతురుకు పట్టి, మర్యాదగానే తిరిగి ఇచ్చాడు. ఇది నీ ఆమ్లం జబ్బు, నా రోగి జబ్బు కాదు, అన్నాడు. ఈ తీరంలో చలిజ్వరం లేని కూలీని ఒక్కణ్ణి తీసుకొచ్చి చూపించు, అప్పుడు మాట్లాడదాం, అన్నాడు. ఆ మాటలో అన్యాయం ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఒళ్లు మండింది.

ఇంటికి వచ్చేసరికి అక్క మొదటి పొట్లం విప్పి, గ్లాసులో నీళ్లు పోస్తోంది.

"ఆగక్కా. అది పొయ్యకు."

"ఏటి?"

"జ్వరం కాదు. గాలి. ఆ పీపాలో గాలి విషం. ఒంట్లో రక్తం కరిగిపోతోంది. ఇందులోకి క్వినైను కూడా పోస్తే ఇంకా కరుగుతుంది."

అక్క గ్లాసు దింపలేదు. "డాక్టరు బాబు కంటే నీకు తెలుసేటి?"

"తెలుసు." గిన్నె చూపించాను. ఆమెకు అందులో ఒక మరక తప్ప ఏం కనిపిస్తుంది?

"రెండుమాట్లు సూసినావా?"

ఆ ప్రశ్న అడగగలిగినది లోకంలో ఆమె ఒక్కతే. నా పద్ధతి ఎరిగినది ఆమె ఒక్కతే.

"చూశాను," అన్నాను.

ఆమె పొట్లం మళ్లీ మడతపెట్టి, మిగతావాటితో కలిపి రేకుడబ్బాలో పెట్టి మూత వేసింది.

ఆసుపత్రికి తీసుకుపోదామన్నాను. అక్కడి కూడు తింటే దీక్ష ఏమవుతుందని బావ ఒప్పుకోలేదు. నీళ్లు, పాలు, బార్లీ గంజి తాగించాం. మూడో రోజు ఆ క్రియోల్ మనిషి వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. లైన్లలో అప్పటికే అతణ్ణి చూసి మొహాలు తిప్పుకుంటున్నారు. టోపీ చేతుల్లో నలుపుతూ నన్ను అడిగాడు.

"మేస్త్రికి ఇంకా కోపమా? చెప్పండి ఆయనకి. మో జిరే, మా అమ్మ మీద ఒట్టు. నేను తినలేదు."

నేను లోపలికి వెళ్లి బావకు అంతా చెప్పాను. వాసన మనిషిది కాదని, పీపాదని. ఆ ఆమ్లంలో ఏముందో. నేనేం పరీక్షించానో, ఏం పరీక్షించలేదో. ఆయన కళ్లు మూసుకునే విన్నాడు.

"అయితే ఆడు తినలేదా?"

"తినలేదు బావా."

"పిలు. గుమ్మంకాడ కాదు. లోపలికి."

"దీక్ష..."

"పిలుమన్నాను."

అతడు లోపలికి వచ్చి మంచం కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. బావ ఆ కంచు మొహంతోనే నవ్వాడు. "నా ముక్కు పెద్దదే గానీ నిజమే సెప్పిందిరా. నీ నోరూ నిజమే సెప్పింది. మరి అబద్దమాడినోడెవలు?"

ఆ మాట ఎవరివైపు చూసీ అనలేదు. సరదాగానే అన్నాడు. అతడు ఏడుస్తూ, నవ్వుతూ, "పా కోనే, మేస్త్రీ," అన్నాడు, తెలియదని. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గీత గీసిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాటినుంచి మూత్రం రావడం ఆగిపోయింది. నల్లనిది కూడా రాలేదు. అక్క ఖాళీ గిన్నె పట్టుకుని గంటకోసారి మంచం దగ్గరికి వెళ్లేది, వచ్చేది. ఆ గిన్నెలో నల్లటి చుక్క కోసం ఇంట్లో అందరం దేవుడికి మొక్కాం, నేను కూడా. ఆరో రోజు ఉదయం ఆయన పోయాడు.

పింగాణీ గిన్నెను పెద్ద దొర బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. సీసం పనికి ఈ ఆమ్లం వాడవద్దని అప్పటికప్పుడే ఉత్తర్వు వేశాడు. తరువాత, "ఎరువుకు అయితే ఇబ్బంది లేదుగా?" అని అడిగాడు. నేను గిన్నె తీసుకుని బయటికి వచ్చాను. ఆ ఖనిజాన్ని ఇంకా కొన్నాళ్లు కాల్చారు. ఆపింది కట్టెలు దొరక్క.

దినాలయ్యాక నేను మిగిల్చిన పరీక్ష చేశాను. వేరే ఆమ్లంతో, అదే తుత్తునాగంతో, రెండుసార్లు. లేత నీడలాంటి మచ్చ పడింది. లోహంలో కూడా కాస్త పాషాణం ఉంది. కానీ మా ఆమ్లం వేసిన మచ్చకు, దీనికి పోలికే లేదు. కనుక పీపాలో విషం పుట్టిందనడంలో, అది ఎక్కువగా ఆ పొగనుంచే వచ్చిందనడంలో నాకు సందేహం లేదు. అక్కతో ఆరోజు ఒక్కసారే చూశానని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"తెలుసు. రెండుమాట్లు సూసినోడివైతే అంత బేగి ఎలా వస్తావు?"

"మరి డబ్బా మూత ఎందుకు పెట్టేశావు?"

"నువ్వు అడిగినావు గదా," అంది.

ఒక ప్రశ్న మిగిలింది. పీపాలో విషం ఉంది. కానీ బావ రక్తంలో చలిజ్వరపు పురుగు కూడా ఉందా? రెండూ ఉంటే, రెంటిలో ఏది ఆయన్ని తీసుకుపోయింది? ఆ పొట్లాలు మేలు చేసేవా, ఇంకా కీడే చేసేవా? దీనికి నేను జవాబు చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. వేలికొనను పొడిచి ఒక్క చుక్క రక్తాన్ని గాజు పలక మీద పూసి ఆసుపత్రికి పంపితే, వాళ్ల సూక్ష్మదర్శినిలో ఆ పూటే తేలిపోయేది. గాజు పలకలు నా గది అరలో పెట్టె నిండా ఉన్నాయి. ఆయన బతికి ఉన్న ఆరు రోజుల్లో నేను ఆ అర ముందునుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. ఒక్క పలక కూడా తీయలేదు. నాకు అప్పటికే జవాబు తెలుసనుకున్నాను.